రేపటి సంజె ఎర్రబడుతుందా?

పిల్లలూ! రేపు వాన పడుతుందా, ఎండ కాస్తుందా అన్నది ముందుగా చెప్పేవాళ్ళున్నారని మీకు తెలుసు. రేడియోలో వింటాం, పత్రికల్లో చదువుతాం. కాని, "రేపు సాయంత్రం సూర్యాస్తమయం చాలా అందంగా ఉంటుంది, నూటికి ఎనభై మార్కులు వెయ్యవచ్చు," అని ఎవరైనా అంటే మీరేమంటారు? "అందానికి కూడా జోస్యమా!" అని నవ్వుతారు.

నవ్వనక్కర్లేదు. అలా చెప్పే యాప్‌లు ఇప్పుడు సెల్‌ఫోనుల్లోకి వచ్చినవి. వాటి వెనక ఉన్నది జ్యోతిషం కాదు, భౌతికశాస్త్రం. ఆకాశం ఎందుకు ఎర్రబడుతుందో, ఏ రోజున ఎందుకు ఎర్రబడదో తెలిసినవాడు ఫోను లేకుండా కూడా కొంత చెప్పగలడు. ఆ సంగతులు తెలుసుకుంటే మీరూ చెప్పగలరు.

అయితే, ఈ జోస్యం ఎవరికి కావాలి? అది ముందు చూద్దాం.

ఇరవైరెండు నిమిషాలు

హైదరాబాదులో పడమటివైపు రాతిగుట్టల మీద జూబిలీహిల్స్, దాన్ని ఆనుకుని ఫిల్మ్‌నగర్ ఉన్నవి. ఒకప్పుడు తెలుగు సినిమాలు చాలావరకు మద్రాసులో తయారయేవి. క్రమంగా ఆ పరిశ్రమ హైదరాబాదుకు తరలివచ్చింది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో ఈ గుట్టల చెంతనే అన్నపూర్ణా స్టూడియో నెలకొల్పారు. డి. రామానాయుడుగారు కట్టిన స్టూడియో ఫిల్మ్‌నగర్‌లో ఉన్నది. తెలుగు ఫిల్మ్ చాంబరు కూడా అక్కడే. తెలుగు సినిమాకు ఇప్పుడు ఇదే ఇల్లు.

సినిమా తీసేవారికి పగటి వెలుగుల్లో కెల్లా ఇష్టమైనది సాయంకాలపు వెలుగు. మధ్యాహ్నపు ఎండ నడినెత్తిన పడి, కళ్ళకింద నల్లని నీడలు వేస్తుంది. పొద్దువాలే వేళ వెలుగు పక్కనించి, మెత్తగా, బంగారురంగులో వస్తుంది. దీన్ని కెమెరామన్లు "గోల్డెన్ అవర్" అంటారు. పొద్దుగుంకిన తరవాత, చీకటి పడేలోపల, నీడలే లేని వింత వెలుగు ఒకటి ఉంటుంది. దాన్ని "మ్యాజిక్ అవర్" అంటారు.

అవర్ అంటే గంట అనుకునేరు! పేరే గంట. హైదరాబాదులో సూర్యుడు అస్తమించినాక ఈ వెలుగు ఉండేది సుమారు 22 నిమిషాలు మాత్రమే. వేసవిలో ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ. లండనులో జూన్ నెలలో అయితే ఇది ముప్పావుగంటకు పైగా ఉంటుంది. ఎందుచేతనంటే, లండను భూమధ్యరేఖకు చాలా దూరం. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, నెమ్మదిగా దిగుతాడు. మనకు ఇంచుమించు నిట్టనిలువుగా దిగి, చటుక్కున మాయమవుతాడు. అందుచేత మన సంజె చాలా పొట్టిది.

ఇప్పుడు ఒక షూటింగు యూనిట్టును ఊహించుకోండి. నటీనటులు, కెమెరా వారు, లైట్ల వారు, మేకప్పు వారు, వంటవారు, డ్రైవర్లు—వందమందికి పైగా ఉంటారు. కథలో ఎర్రని సంజె కావాలి. అంతా మధ్యాహ్నమే గుట్టెక్కి సిద్ధంగా ఉంటారు. తీరా సమయానికి పడమట ఆకాశం బూడిద పూసినట్టు ఉంటే, ప్యాకప్ చెప్పి దిగిపోవలసిందే. ఆరోజు కూలీ, బండ్ల అద్దె, భోజనాలు అన్నీ దండగ. పైగా, సగం సీను ఇవాళ తీసి సగం రేపు తీద్దామంటే, రేపటి ఆకాశం ఇవాళ్టి ఆకాశంలా ఉండదు. తెరమీద చూసేవాడు పట్టేస్తాడు.

1978లో విడుదలైన "డేస్ ఆఫ్ హెవెన్" అనే అమెరికన్ సినిమాలో చాలా భాగాన్ని ఛాయాగ్రాహకుడు నెస్తోర్ అల్మెండ్రోస్ ఇలాటి సంజెవెలుగులోనే తీశాడు. రోజంతా ఏర్పాట్లు చేసుకుని, ఇరవై ఇరవైఅయిదు నిమిషాల్లో పరుగులమీద తీసేవారు. ఆ శ్రమకు ఆయనకు ఆస్కారు బహుమతి వచ్చింది.

ఆకాశం కోసం కాచుకోకుండా ఉండే మార్గం ఒకటున్నది: ఆకాశాన్నే కల్పించుకోవటం! 1957లో వచ్చిన "మాయాబజార్" సినిమాలో పడవ పాట మీ తాతగారినో అమ్మమ్మగారినో అడగండి, ఆ వెన్నెల గురించి చెబుతారు. అది చంద్రుడిచ్చిన వెన్నెల కాదు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే సృష్టించిన వెన్నెల. అయితే ఆరుబయట, నిజమైన సంజెలో తియ్యాలనుకునేవాడికి రేపటి ఆకాశం సంగతి తెలియటం ఎంతో అవసరం.

ఎప్పుడు? ఎలా?

ఇక్కడ రెండు ప్రశ్నలున్నవి. రెంటినీ కలపగూడదు.

సూర్యుడు ఎప్పుడు అస్తమిస్తాడు? దీనికి జవాబు కచ్చితంగా చెప్పవచ్చు. హైదరాబాదులో జూలై మొదట్లో సుమారు 6 గంటల 55 నిమిషాలకు, నవంబరు చివర సుమారు 5 గంటల 40 నిమిషాలకు సూర్యుడు అస్తమిస్తాడు. పదేళ్ళ తరవాత ఒకానొక రోజు సంగతి కూడా ఇప్పుడే లెక్కకట్టవచ్చు. మన పంచాంగాల్లో అచ్చువేసేది ఈ లెక్కే. భూమి తిరుగుడు క్రమం తప్పదు గనక ఈ లెక్కా తప్పదు.

ఆ సాయంత్రం ఎలా ఉంటుంది? ఇది వేరే ప్రశ్న. దీనికి జవాబు సూర్యుడి చేతిలో లేదు. మన నెత్తిన ఉన్న గాలి, మబ్బు, దుమ్ము, తేమ—వీటి చేతిలో ఉన్నది. ఇవి గంటగంటకూ మారుతవి. అందుచేత ఇది పదేళ్ళ ముందు కాదు గదా, పదిరోజుల ముందు కూడా నమ్మకంగా చెప్పలేం.

ఎరుపు ఎక్కణ్ణించి వస్తుంది?

సూర్యుడి తెల్లని వెలుగులో అన్ని రంగులూ ఉన్నవి. అది గాలిలోంచి వచ్చేటప్పుడు గాలి అణువులు దాన్ని చెదరగొడతవి. అయితే అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొట్టవు. నీలాన్ని ఎరుపుకన్న నాలుగైదు రెట్లు ఎక్కువగా చెదరగొడతవి. చెదిరిన నీలం నలుమూలలనించీ మన కంటికి వస్తుంది గనక పగటి ఆకాశం నీలంగా కనిపిస్తుంది. ఈ లెక్కను 1871లో ఇంగ్లండులో లార్డ్ రేలీ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు.

మన విశాఖపట్నం సముద్రం ఒడ్డున చదువుకున్న కుర్రవాడు ఒకడు పెద్దవాడై, 1921లో ఓడమీద ప్రయాణం చేస్తూ, "ఆకాశం సరే, సముద్రం ఎందుకు నీలంగా ఉన్నది?" అని ప్రశ్న వేసుకున్నాడు. వెలుగు చెదిరే తీరును ఏళ్ళ తరబడి పరిశోధించి, 1928లో గొప్ప సత్యం ఒకటి కనిపెట్టి, 1930లో నోబెల్ బహుమతి పొందాడు. ఆయనే సి.వి. రామన్.

సాయంత్రం సంగతి చూడండి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు వెలుగు దాటే గాలిపొర పలుచన. సూర్యుడు నేలకు ఆనేటప్పుడు, వెలుగు ఆ పొరలో అడ్డంగా ప్రయాణించి రావాలి. అప్పుడది దాటే గాలి సుమారు 38 రెట్లు! ఆ దారిలో నీలమంతా చెదిరిపోయి, మిగిలిన పసుపు, నారింజ, ఎరుపు మనదాకా వస్తవి.

ఇంట్లో చేసి చూడండి. గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి, నాలుగైదు చుక్కల పాలు కలపండి. చీకటిగదిలో గ్లాసు ఒకవైపు నించి టార్చిలైటు వెయ్యండి. పక్కనించి చూస్తే నీళ్ళు నీలిచాయగా కనిపిస్తవి. ఎదటివైపు నించి దీపాన్ని చూస్తే అది పసుపుగా, ఇంకా పాలు కలిపితే నారింజరంగుగా ఉంటుంది. గ్లాసులోనే మీకు పగలూ, సంజా రెండూ కనిపించినవన్నమాట.

మబ్బే తెర

అలాగయితే రోజూ సంజె ఒకేలా ఉండాలి గదా? ఉండదు. ఎందుకంటే, ఎర్రని వెలుగు ఉంటే చాలదు. అది పడి కనిపించటానికి తెర కావాలి. సినిమాహాలులో తెర తీసేస్తే బొమ్మ ఎక్కడ పడుతుంది? ఆకాశంలో తెర మబ్బు.

మబ్బులు మూడు అంతస్తుల మేడలో కాపురముంటవి అనుకోండి. కింది అంతస్తు నేలనించి 2 కిలోమీటర్ల దాకా. ఇక్కడి మబ్బు దట్టంగా, దుప్పటి కప్పినట్టుంటుంది. వానాకాలంలో మనకు అలవాటైనదే. ఇది ఆకాశమంతా మూసేస్తే సంజెకు మార్కులు సున్న.

మధ్య అంతస్తు 2 నించి 6 కిలోమీటర్ల దాకా. ఇక్కడి మబ్బులు గొర్రెలమందలాగా, చేపపొలుసుల్లాగా ఉంటవి. పై అంతస్తు 6 కిలోమీటర్లకు పైన. అక్కడి చలికి నీరంతా మంచుపలుకులై, మబ్బులు ఈకల్లాగా, దువ్విన జుట్టులాగా పలచగా ఉంటవి. ఈ రెండు అంతస్తుల మబ్బులే మంచి తెరలు. ఎత్తున ఉన్నవాటికి సూర్యుడు మనకన్న ఎక్కువసేపు కనిపిస్తాడు. 10 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మబ్బు, మనకు పొద్దుగుంకిన పది పన్నెండు నిమిషాల తరవాత కూడా ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. అందుకే సూర్యుడు దిగిపోగానే ఇంటిదారి పట్టేవాళ్ళు అసలు వేడుక చూడకుండా పోతారు.

అసలు మబ్బే లేకపోతే? సంజె శుభ్రంగా, పసుపుగా ఉంటుంది. బాగానే ఉంటుంది గాని, దానికి సగం మార్కులే.

షోలాపూరు తలుపు

ఇప్పుడు ఒక వింత చెబుతాను. జూబిలీహిల్స్ మీద మంచి తెర ఉన్నది. 5 కిలోమీటర్ల ఎత్తున గొర్రెలమంద పరుచుకుని ఉన్నది. సంజె ఎర్రబడుతుందా? అది హైదరాబాదులో చూస్తే తెలియదు. షోలాపూరులో చూడాలి!

ఎందుకంటే భూమి గుండ్రంగా ఉన్నది. సూర్యకిరణం ఎక్కడో పడమట నేలను తాకీ తాకకుండా వస్తుంది. అక్కణ్ణించి అది తిన్నగా వస్తూంటే, దాని కింద భూమి వంగిపోతూ ఉంటుంది. అందుచేత కిరణం నేలకు అంతకంతకూ ఎత్తవుతుంది. హైదరాబాదు చేరేసరికి అది 5 కిలోమీటర్ల ఎత్తున ఉండి, మన మబ్బును అడుగునించి వెలిగిస్తుంది.

మరి అది నేలను రాసుకున్న చోటు ఎంత దూరాన ఉన్నది? పై తరగతుల వాళ్ళు ఈ లెక్క చెయ్యవచ్చు. మబ్బు ఎత్తును భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లతో గుణించి, వర్గమూలం కట్టండి. 5 కిలోమీటర్ల మబ్బుకు సుమారు 250 కిలోమీటర్లు వస్తుంది. 10 కిలోమీటర్ల మబ్బుకు సుమారు 357. హైదరాబాదునించి పడమటికి 250 కిలోమీటర్లు తిన్నగా వెళితే, కలబురగి దాటి షోలాపూరు దాపుల ఉంటాం. మన తెలుగు నేతపనివారు ఎందరో తరాలకిందట వెళ్ళి స్థిరపడిన షోలాపూరే అది.

అక్కడా, దాని ఆవలా దట్టమైన మబ్బు ఉంటే కిరణం అక్కడే ఆగిపోతుంది. తలుపు మూసినట్టే. మన నెత్తిన ఎంత చక్కని తెర ఉన్నా బూడిదరంగుగానే ఉండిపోతుంది. అక్కడ తేటగా ఉంటే తలుపు తెరిచినట్టు. అప్పుడు జూబిలీహిల్స్ మీద మంట రాజుకుంటుంది. "తెర ఇక్కడ, తలుపు అక్కడ"—ఈ ఒక్కమాట గుర్తుంచుకుంటే సంజె జోస్యంలో సగం వచ్చినట్టే.

ఈ తలుపు ఏడాది పొడుగునా ఒకేచోట ఉండదు. మార్చి, సెప్టెంబరు నెలల చివర సూర్యుడు సరిగా పడమట దిగుతాడు. జూన్‌లో ఉత్తరానికి జరిగి, బీదర్, లాతూరుల వైపు దిగుతాడు. డిసెంబరులో దక్షిణానికి జరిగి, యాద్గిర్, బాగల్కోటల వైపు దిగుతాడు. ఏ నెలలో ఎటువైపు ఆకాశాన్ని వాకబు చెయ్యాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

దుమ్ము మేలా, కీడా?

"గాలిలో దుమ్మూ పొగా ఎక్కువైతే సంజె బాగా ఎర్రబడుతుంది," అని చాలామంది అంటారు. ఇది సగమే నిజం.

1883 ఆగస్టులో జావా, సుమత్రా ద్వీపాల మధ్య క్రకటోవా అనే అగ్నిపర్వతం పేలింది. దాని సన్నని పొడి ఎంతో ఎత్తుకు ఎగసి, భూమినంతా చుట్టివచ్చింది. సెప్టెంబరులో మద్రాసు ప్రజలు సూర్యుణ్ణి ఆకుపచ్చగా చూశారు! నవంబరులో అమెరికాలో పొకిప్సీ అనే ఊళ్ళో పడమటి ఆకాశం ఎంతగా ఎర్రబడిందంటే, ఎక్కడో ఊరు తగలబడుతున్నదని అగ్నిమాపక బండ్లను బయలుదేరదీశారు. అతి సన్నని పొడి, అతి ఎత్తున ఉంటే సంజె రంగు అలా చిక్కబడుతుంది.

మన నగరాల మీద ఉండేది ఆ సన్నని పొడి కాదు. బండ్ల పొగ, కట్టడాల దుమ్ము, నేలబారు మంచు—ఇవి లావుపాటి రేణువులు, మనకు దగ్గిరగా ఉంటవి. ఇవి అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొట్టి, సంజెను మాపేస్తవి. చలికాలంలో హైదరాబాదులో చూడండి: గాలి కదలక పొగ నేలనే పట్టుకు ఉంటుంది, సూర్యుడు రాగిబిళ్ళలాగా మారి, నేలను చేరకముందే మసకలో కలిసిపోతాడు. మధ్యాహ్నం వాన పడి, గాలి కడిగినట్టయి, సాయంత్రానికి పడమట మబ్బు విడితే, ఆ సంజె చూడవలసినదే. సంజె బాగుండాలంటే గాలి శుభ్రంగా ఉండాలి. మన ఊపిరితిత్తులకు కావలసిందీ అదే.

యాప్ ఏం చేస్తుంది?

ఇక యాప్ రహస్యం మీకు తెలిసిపోయినట్టే. అది మూడు ప్రశ్నలు వేస్తుంది. తెర ఉన్నదా? తలుపు తెరిచి ఉన్నదా? గాలి తేటగా ఉన్నదా?

జవాబులు వాతావరణ శాఖల లెక్కలనించి వస్తవి. హైదరాబాదులో బేగంపేట నించి వాతావరణ శాఖ వారు బెలూనుకు చిన్న యంత్రం కట్టి పైకి వదులుతారు. అది పైకి పోతూ ఏ ఎత్తున ఎంత వేడి, ఎంత తేమ, ఎంత ఒత్తిడి ఉన్నవో రేడియో ద్వారా చెబుతుంది. ప్రపంచంలో కొన్ని వందల చోట్ల ఇలా ఒకే వేళకు బెలూన్లు లేస్తవి. పైనించి ఉపగ్రహాలు మబ్బుల ఫోటోలు పంపుతవి. 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నించి ఎగిరిన ఇన్సాట్-3డిఎస్ అలాటిదే. అది సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునించి మన దేశాన్ని కనిపెట్టి ఉంటుంది.

ఈ వివరాలన్నీ పెద్ద కంప్యూటర్లలోకి వెళతవి. అవి గాలినంతా చిన్నచిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఇంకొక గంటకు, ఇంకొక రోజుకు ఏమవుతుందో లెక్కకడతవి. 2025 మే నెలలో మన దేశం ప్రారంభించిన "భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్"లో ఒక్కొక్క గడి వెడల్పు 6 కిలోమీటర్లు.

వాతావరణ శాఖ ఈ లెక్కలతో వాన, ఎండ, తుఫాను చెబుతుంది. వీటితోనే సంజె అందాన్ని కూడా చెప్పవచ్చునని కొందరికి తోచింది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వాతావరణశాస్త్రం చదివిన యువకులు 2015లో "సన్‌సెట్ డబ్ల్యూఎక్స్" అనే ఏర్పాటు చేశారు. తేమ, ఒత్తిడి, మూడు అంతస్తుల మబ్బులు—వీటి లెక్కలు కలిపి, దేశపటం మీద ఎక్కడ సంజె బాగుంటుందో రంగులతో చూపారు. తరవాత ఇలాటివి మరికొన్ని వచ్చినవి. అవి రేపటి ఉదయానికీ, సాయంత్రానికీ శాతాలలో మార్కులు వేసి చూపుతవి.

ఎనభై అంటే ఏమిటి?

"వాన పడే అవకాశం 80 శాతం" అంటే, ఇలాటి రోజులు పది వస్తే ఎనిమిదింట వాన పడుతుందని అర్థం. కాని "సంజె 80 శాతం" అనేది సాధారణంగా పరీక్షలో మార్కులాటిది. ఆకాశం చాలా బాగుంటుందని దాని అర్థం. రెండూ ఒకేలా కనిపించినా, ఒకటి కాదు.

పైగా ఈ మార్కు తప్పవచ్చు. 250 కిలోమీటర్ల అవతల అనుకోకుండా ఒక్క మబ్బు లేచిందా, తలుపు మూసుకుంటుంది. పలచని మంచుమబ్బు ఎక్కడ ఎంత ఉంటుందో చెప్పటం కంప్యూటరుకు కూడా కష్టమే. అన్నిటికన్న ముఖ్యం, అందాన్ని కొలిచే కొలబద్ద లేదు. మండే ఎరుపే గొప్ప అని యాప్ అనుకోవచ్చు. మీకు లేత గులాబీ నచ్చవచ్చు.

ఒక దేశపు లెక్క ఇంకొక దేశానికి సరిపోదు కూడా. సాయంత్రం ఆకాశం ఎర్రగా ఉంటే రేపు వాన రాదని ఇంగ్లండులో సామెత ఉన్నది. అక్కడ వాన పడమటినించి వస్తుంది గనక, పడమర తేటగా ఉంటే రేపు బాగుంటుందని అర్థం. మనకు వాయుగుండాలు తూర్పున బంగాళాఖాతంలో పుట్టి పడమటికి నడుస్తవి. సాయంత్రం ఆకాశం ఎర్రగా ఉన్నా, తెల్లవారేసరికి వాన ముంచెత్తవచ్చు. వాళ్ళ సామెత నమ్మి గొడుగు ఇంట్లో పెట్టి బడికి వెళ్ళకండి!

మీరూ జోస్యం చెప్పండి

ఒక నోటుపుస్తకం తీసుకోండి. రోజూ సాయంత్రం 4 గంటలకు ఆకాశం చూడండి. ఎత్తుమబ్బులున్నవా? పడమట తేటగా ఉన్నదా? దూరపు గుట్టలు, మేడలు స్పష్టంగా కనిపిస్తున్నవా, మసకగా ఉన్నవా? ఈ మూడూ రాసి, "ఇవాళ సంజెకు 5కు ఇన్ని మార్కులు" అని ముందే రాసిపెట్టండి. తరవాత దిద్దగూడదు! పొద్దుగుంకిన పదిహేను నిమిషాలదాకా ఉండి చూసి, నిజంగా ఎన్ని మార్కులు వచ్చినవో పక్కన రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనులో యాప్ ఉంటే, దాని మాట మూడో గడిలో రాయండి. డాబా ఎక్కేముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. సూర్యుణ్ణి తిన్నగా చూడగూడదు, కళ్ళు పాడవుతవి. చూడవలసింది మబ్బుల్ని.

నెల అయినాక లెక్క తియ్యండి. ఇందులో ఒక కిటుకున్నది. ఏమీ తెలియనివాడు రోజూ "మామూలుగా ఉంటుంది" అని రాసినా, చాలా రోజులు అతని మాటే నిజమవుతుంది. ఎందుకంటే ఎక్కువ సంజెలు మామూలువే. కాబట్టి ఎన్నిసార్లు ఒప్పయిందన్నది ఒక్కటే చూడగూడదు. గొప్ప సంజె వచ్చిన రోజున ముందుగా చెప్పగలిగారా? అదీ పరీక్ష. వాతావరణ శాస్త్రజ్ఞులు తమ జోస్యాలను ఇలాగే పరీక్షించుకుంటారు.

పొద్దున్నే లేచేవాళ్ళు సూర్యోదయానికి కూడా ఇదే లెక్క వెయ్యవచ్చు. తలుపు తూర్పుకు మారుతుంది, అంతే. జూన్‌లో హైదరాబాదువారి తలుపు వరంగల్లు దిక్కున ఉంటుంది. డిసెంబరులో అది ఇంచుమించు విజయవాడ మీద ఉంటుంది. దూరం కూడా సరిగా 250 కిలోమీటర్ల చిల్లరే.

దీన్ని తిరగేసి చూడండి. జూన్ సాయంత్రం విజయవాడలో ఒక పిల్ల మేడమీద నిలబడి, గొర్రెలమంద మబ్బు ఎర్రగా వెలగటం చూసిందనుకోండి. ఆ వెలుగు ఏ దారిన వచ్చింది? హైదరాబాదు గుట్టలను తాకీ తాకకుండా, మన నెత్తిమీదుగా వచ్చింది. ఆ పూట ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నది గనకనే ఆమెకు ఆ రంగు దక్కింది. ఈసారి విజయవాడలో మీ చుట్టాలెవరైనా ఉంటే ఫోను చేసి అడగండి: "ఇక్కడ తలుపు తెరిచే ఉన్నది. అక్కడ ఎర్రబడిందా?"